గ్రబ్ 2 సమీక్ష: కేబుళ్లు మారినా పార్టిషన్‌ను గుర్తుపట్టే బూట్ లోడర్

ఒంగోలు, చీమకుర్తి, నెల్లూరు చుట్టుపక్కల చిన్న కార్యాలయాల్లో లినక్స్ కంప్యూటర్ల బాగోగులు చూడటం నా వృత్తి. వాటిలో ఎక్కువ భాగం విండోస్ పక్కనే లినక్స్ రకాలైన ఉబుంటునో డెబియన్‌నో పెట్టుకున్న యంత్రాలు. కరెంటు వచ్చి మీట నొక్కగానే వాటిని లేపే బాధ్యత గ్రబ్ 2 అనే బూట్ లోడర్‌ది. దాని మెనూ రంగుల గురించో, నేపథ్య చిత్రాల గురించో రాసినవారు చాలామంది ఉన్నారు కనుక ఆ జోలికి పోకుండా, ఈ సమీక్షలో ఒకే ఒక్క గుణాన్ని పరిశీలిస్తున్నాను. అది, పార్టిషన్‌ను, అంటే డిస్కులో విడదీసిన ఒక భాగాన్ని, వరుస సంఖ్యతో కాక దానికి మాత్రమే చెందిన గుర్తింపు సంఖ్యతో, అంటే యూయూఐడీతో, వెతికి పట్టుకునే గుణం. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఈ పద్ధతిని డీఫాల్ట్‌గా పెట్టడం సరైన నిర్ణయమే, కానీ గ్రబ్ దానిని మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా పాటించలేదు, పాటించిన చోట కూడా, పని చెడినప్పుడు ఎదుటి మనిషికి అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకోలేదు.

పాత పద్ధతిలో ఉన్న చిక్కు ఏమిటో తెలియకపోతే ఈ గుణం విలువ తెలియదు. లినక్స్ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కేంద్ర భాగం, తనకు కనిపించిన డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని వరుసగా పేర్లు పెడుతుంది. ఈ పేర్లు డిస్కులవి కావు, అవి కెర్నెల్‌కు కనిపించిన వరుసవి. ఒక డిస్కు ముందుగా సిద్ధమై మరొకటి ఆలస్యమైతే పేర్లు తారుమారవుతాయి. రెండుసార్లు వరుసగా ఆన్ చేసినా అదే క్రమం వస్తుందన్న హామీ కెర్నెల్ ఎన్నడూ ఇవ్వలేదు. గ్రబ్‌కు కూడా తనదైన లెక్క ఒకటి ఉంది. మదర్‌బోర్డులో ఉండే బయోస్ అనే ప్రారంభ ప్రోగ్రామ్ అందించిన క్రమంలో డిస్కులకు హెచ్‌డీ0, హెచ్‌డీ1 అని పేర్లు పెట్టుకుంటుంది. డిస్కులను సున్నా నుంచి, పార్టిషన్లను ఒకటి నుంచి లెక్కిస్తుంది. పాత గ్రబ్ లెగసీ రెండింటినీ సున్నా నుంచే లెక్కించేది కనుక, ఆ కాలం నాటి సూచనలను ఈ కాలపు యంత్రం మీద ప్రయోగించినవారికి పక్క పార్టిషన్ ఎదురవడం మామూలే. దీనికి తోడు, 2006, 2007 ప్రాంతంలో పాత ఐడీఈ డిస్కులను కూడా కొత్త లిబాటా డ్రైవర్ల కిందికి తెచ్చినప్పుడు, అంతదాకా హెచ్‌డీఏగా ఉన్న డిస్కు ఒక అప్‌డేట్‌తో ఎస్‌డీఏ అయింది. ఏ పార్టిషన్‌ను ఎక్కడ తెరవాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైళ్లలో పేరును నమ్ముకుని రాసినవన్నీ ఆ దెబ్బకు పనికిరాకుండా పోయాయి. ప్రధాన లినక్స్ పంపిణీలు యూయూఐడీ వైపు మళ్లడానికి ఉన్న పెద్ద కారణాలలో ఇది ఒకటి. ఉబుంటు 2009 అక్టోబరులో వచ్చిన 9.10తో గ్రబ్ 2ను డీఫాల్ట్ చేసింది, గ్రబ్ 2.00 విడుదల మాత్రం 2012లో జరిగింది.

పశువుల పాకలో కుడి నుంచి రెండో ఒంగోలు గిత్త అని చెప్పడానికి, దాని చెవికి వేసిన ట్యాగు మీది నంబరు చెప్పడానికి ఎంత తేడా ఉందో, హెచ్‌డీ1 అనడానికి యూయూఐడీ చెప్పడానికి అంత తేడా ఉంది. గిత్తను ఏ గుంజకు కట్టినా ట్యాగు మారదు.

ఈ తేడా చీమకుర్తిలో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. గెలాక్సీ గ్రానైట్ పలకలను కోసి మెరుగుపెట్టే యూనిట్ల కార్యాలయాల్లో ఎంత తలుపులు బిగించినా రాతి పొడి సీపీయూ డబ్బాలోకి చేరుతుంది. కొన్ని నెలలకొకసారి డబ్బా విప్పి బ్లోయర్‌తో ఊది, కేబుళ్లన్నీ తీసి తుడిచి మళ్లీ పెట్టడం అక్కడ ఆనవాయితీ. ఆ పని చేసే కుర్రవాడికి మదర్‌బోర్డు మీద సాటా 0, సాటా 1 అని చిన్న అక్షరాల్లో రాసి ఉన్నదానితో నిమిత్తం లేదు. ఏ కేబుల్ ఎక్కడ పట్టితే అక్కడ గుచ్చుతాడు. అతనిని తప్పుపట్టడానికి లేదు, ఎందుకంటే ఏ సాకెట్‌లో పెట్టినా డిస్కు పనిచేస్తుందనేది నిజమే. అటువంటి ఒక కార్యాలయంలో ఎస్‌ఎస్‌డీ మీద ఉబుంటు, పెద్ద హార్డ్ డిస్కు మీద బిల్లుల దస్త్రాలు ఉన్న యంత్రం తుడిచిన తరువాత కేబుళ్లు ఒకదాని చోట మరొకటి చేరాయి. యంత్రం ఏమీ జరగనట్టే లేచింది. అంతకుముందు ఎస్‌డీఏగా కనిపించిన డిస్కు ఎస్‌డీబీగా మారినట్టు, డిస్కుల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ చూపించిందే తప్ప, యజమానికి ఆ మార్పు తెలియవలసిన అవసరమే రాలేదు. మంచి సదుపాయం అంటే అది ఉన్నట్టు కూడా వాడేవారికి తెలియకూడదని భావించే నాలాంటి వారికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నెల్లూరులోని డీటీపీ కేంద్రాల్లో ఇదే పరీక్ష మరో రూపంలో జరుగుతుంది. అక్కడ అను ఫాంట్లతో పేజ్‌మేకర్ పని విండోస్‌లో నడుస్తుంది. వచ్చినవారి పెన్‌డ్రైవ్‌లు తెరవడానికి, వైరస్‌ల భయంతో, ఉబుంటు వాడే దుకాణాలు కొన్ని ఉన్నాయి. రోహిణి కార్తెలో కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా చేతులెత్తేసి, మళ్లీ ఆన్ చేసే సరికి ఎవరిదో పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ సాకెట్‌లోనే ఉండిపోతుంది. కొన్ని పాత మదర్‌బోర్డులు ఆ పెన్‌డ్రైవ్‌ను డిస్కుల వరుసలో ముందుకు తెస్తాయి. వరుస సంఖ్యను నమ్ముకున్న మెనూ అయితే అక్కడే దారి తప్పుతుంది. యూయూఐడీని నమ్ముకున్న మెనూ దారి తప్పదు, యంత్రం ఆ పెన్‌డ్రైవ్ నుంచే లేవాలని ప్రయత్నించనంత వరకు; ఆ రెండో సంగతి మదర్‌బోర్డు సెట్టింగుల వ్యవహారం, గ్రబ్‌కు సంబంధం లేనిది.

ఇక ఇది లోపల ఎలా పనిచేస్తుందో చూద్దాం. గ్రబ్ మెనూ ఫైలు తెరిస్తే దాదాపు ప్రతి ఎంట్రీలోనూ సెర్చ్ అనే కమాండ్ ఉంటుంది. ఫలానా ఫైల్ సిస్టమ్ (పార్టిషన్‌లో ఫైళ్లను అమర్చే ఏర్పాటు) యూయూఐడీ ఉన్న పార్టిషన్‌ను వెతికి, అది దొరికిన చోటును రూట్ అనే చరరాశిలో పెట్టుకో అని దాని అర్థం. ఫ్లాపీ డ్రైవ్‌ల జోలికి పోవద్దన్న షరతు కూడా అదే వాక్యంలో ఉంటుంది; లేని ఫ్లాపీ కోసం ఎదురుచూస్తూ సమయం వృథా చేసే పాత యంత్రాలకు అది మేలు చేస్తుంది. దీని పక్కనే హింట్ అనే మాటతో కొన్ని సూచనలు కూడా కనిపిస్తాయి: బయోస్ అయితే ఈ డిస్కు, దాని స్థానంలో వచ్చిన ఈఎఫ్‌ఐ అయితే ఆ డిస్కు అని. వీటిని చూసి, అయితే ఇది మళ్లీ వరుస సంఖ్యనే నమ్ముతున్నదని కొందరు పొరబడతారు. గ్రబ్ ముందుగా హింట్ చెప్పిన చోట చూస్తుంది. అక్కడ ఉన్న యూయూఐడీ కోరినదే అయితే వెతుకులాట అక్కడితో ఆగుతుంది. కాకపోతే మిగిలిన డిస్కులన్నిటినీ ఒక్కొక్కటిగా తడుముతుంది. అంటే హింట్ తప్పయినా నష్టం కొద్దిపాటి ఆలస్యమే. కార్డ్ రీడర్లు, యూఎస్‌బీ డిస్కులు దండిగా ఉన్న యంత్రంలో ఈ ఆలస్యం కంటికి కనిపిస్తుంది. మామూలు యంత్రంలో కనిపించదు. వేగం, కచ్చితత్వం రెండింటినీ కలిపిన ఈ ఏర్పాటు నాకు ఈ బూట్ లోడర్‌లో అన్నిటికంటే నచ్చిన అంశం.

గుర్తింపు సంఖ్య ఉండేది డిస్కు మీద కాదు, పార్టిషన్‌లోని ఫైల్ సిస్టమ్ లోపల. లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 అయితే పార్టిషన్ మొదలైన 1024 బైట్ల తరువాత వచ్చే సూపర్‌బ్లాక్‌లో 16 బైట్లుగా అది నిక్షిప్తమై ఉంటుంది. అదే 128 బిట్లు. 8, 4, 4, 4, 12 అంకెల (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్) గుంపులుగా, మధ్య గీతలతో కలిపి 36 అక్షరాలుగా తెర మీద కనబడుతుంది. ఫార్మాట్ చేసిన క్షణాన అది యాదృచ్ఛికంగా పుడుతుంది. యాదృచ్ఛిక రకంలో 122 బిట్లు చీటీ తీసినట్టు వచ్చేవే కనుక, రెండు డిస్కులకు కాకతాళీయంగా ఒకే సంఖ్య పడుతుందన్న భయం అక్కర్లేదు. ఈఎఫ్‌ఐ బూట్ ఫైళ్లకు వాడే ఫ్యాట్ పార్టిషన్‌కు మాత్రం ఇంత పొడుగు సంఖ్య లేదు, 32 బిట్ల సీరియల్ నంబరు ఒకటే ఉంటుంది. అది నాలుగేసి అంకెల రెండు గుంపులుగా కనిపిస్తుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు 64 బిట్లు, 16 అంకెలు. ఈ మూడింటినీ యూయూఐడీ అనే ఒకే పేరుతో పిలవడం లినక్స్ లోకంలో అలవాటైపోయింది. దీనివల్ల ఒక మేలుంది: అంకెల పొడుగును బట్టే ఇది లినక్స్ పార్టిషనా, విండోస్ పార్టిషనా, బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషనా అని చూడగానే చెప్పవచ్చు.

మనిషి చదవడానికి మాత్రం ఇది పరమ కష్టమైన వస్తువు. కనిగిరి నుంచి ఫోన్ చేసినవారితో 36 అక్షరాలు ఒక్కొక్కటిగా చెప్పించుకుని రాసుకోవడం ఏమంత సుఖమైన పని కాదు. బీ, డీ, ఈ అనే అక్షరాలు ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. ఒక యంత్రంలో గుప్పెడు పార్టిషన్లే ఉంటాయి కనుక, పోల్చుకోవడానికి మొదటి నాలుగు అక్షరాలు అడిగితే చాలు. గ్రబ్‌కు మాత్రం పూర్తి సంఖ్య కావాలి.

ఇప్పుడు లోపాల దగ్గరికి వస్తాను. మొదటిది, చాలామందికి తెలియనిది, పాత బయోస్ యంత్రాలకు సంబంధించినది. గ్రబ్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, డిస్కు మొదటి సెక్టార్ వెనుక ఉన్న ఖాళీలో కోర్ ఇమేజ్ అనే చిన్న భాగాన్ని పెడతారు. తన మిగతా ఫైళ్లు ఎక్కడున్నాయో దానికి తెలియాలి. బూట్ ఫైళ్లు అదే డిస్కు మీద ఉంటే, గ్రబ్ ఇన్‌స్టాలర్ ఆ చోటును యూయూఐడీతో రాయదు. ఇదే డిస్కులో ఐదో పార్టిషన్ అని సంఖ్యతోనే రాస్తుంది. వేరే డిస్కు మీద ఉంటేనే యూయూఐడీ వెతుకులాటను అందులో కలుపుతుంది. డిస్కుల వరుస మారితే దీనివల్ల ఇబ్బంది లేదు. కానీ డీటీపీ కేంద్రంలో ఎవరో విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఖాళీగా ఉన్న ‘ఈ’ (E) డ్రైవ్‌ను తీసేశారనుకుందాం. పార్టిషన్ల వివరాలుండే పాత ఎంబీఆర్ పట్టికలో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి ఉండవు కనుక మిగతావి లాజికల్‌గా, ఐదు నుంచి మొదలై, గొలుసుకట్టుగా ఉంటాయి. మధ్యలో ఒకటి తీసేస్తే దాని తరువాతివన్నీ ఒక అంకె ముందుకు జరుగుతాయి. ఆరో పార్టిషన్ కాస్తా ఐదోది అవుతుంది. యూయూఐడీ చెక్కుచెదరకుండా ఉన్నా, కోర్ ఇమేజ్ ఆరో దానికోసం చూసి, అలాంటి పార్టిషన్ లేదని చెప్పి, గ్రబ్ రెస్క్యూ అనే నల్ల తెర ముందు నిలబెడుతుంది. మెనూలో అంత శ్రద్ధగా యూయూఐడీ రాసి, మెనూను చేరే దారిలో మాత్రం పాత సంఖ్యనే వాడటం నాకు సగం కట్టి వదిలేసిన గోడలా అనిపిస్తుంది.

ఈ సందర్భంలో తెర మీది ఇంగ్లిష్ వాక్యాన్ని జాగ్రత్తగా చదవాలి. పార్టిషన్ లేదు అని వస్తే, కోర్ ఇమేజ్‌లోని సంఖ్య తప్పిందని అనుకోవచ్చు. డివైస్ లేదు అని చెప్పి పక్కనే పొడుగు యూయూఐడీ వస్తే, వెతికిన ఫైల్ సిస్టమ్ ఏ డిస్కు మీదా కనబడలేదని అర్థం: ఫార్మాట్ అయి ఉండవచ్చు, కేబుల్ ఊడి ఉండవచ్చు, డిస్కే పోయి ఉండవచ్చు. రెండూ వేర్వేరు రోగాలు, వేర్వేరు మందులు. కానీ ఆ వాక్యం తరువాత గ్రబ్ చెప్పేది ఏమీ లేదు. నేను ఇన్ని డిస్కులు చూశాను, వాటిలో ఈ ఈ సంఖ్యలు దొరికాయి, మీరు అడిగినది మాత్రం లేదు అని ఒక్క వరుస రాసినా, దుకాణంలోని మనిషి దానిని ఫోటో తీసి పంపితే సగం పని అయిపోయేది. రెస్క్యూ తెరలో ఉండేవి వేళ్ల మీద లెక్కించదగిన కమాండ్లు: ఎల్‌ఎస్, సెట్, అన్‌సెట్, ఇన్స్‌మాడ్. అక్కడి ఎల్‌ఎస్‌కు ఫైల్ సిస్టమ్ రకం చెప్పడం వచ్చు గానీ యూయూఐడీ చూపడం రాదు. పూర్తి స్థాయి గ్రబ్ తెరలో అదే కమాండ్ యూయూఐడీని, లేబుల్‌ను కూడా చూపిస్తుంది. ఎవరికి ఆ సమాచారం అత్యవసరమో వారికే అది అందని ఏర్పాటు ఇది. ఒక్కొక్క పార్టిషన్‌ను ఎల్‌ఎస్‌తో తడిమి, బూట్ ఫోల్డర్ కనిపించినదాన్ని ప్రిఫిక్స్‌గా, అంటే గ్రబ్ ఫైళ్ల చిరునామాగా, పెట్టి, మెనూ చూపే నార్మల్ మాడ్యూల్ ఎక్కించి, లోపలికి వెళ్లాక గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే దీనికి మార్గం.

రెండో లోపం ఇంతకంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అది తెర మీద ఏ హెచ్చరికా లేకుండా జరుగుతుంది. నెల్లూరు చుట్టూ రొయ్యల సాగుదారుల కోసం నీళ్లు, మట్టి పరీక్షించే ల్యాబ్‌లు చాలా ఉన్నాయి. వాటిలో పాత హార్డ్ డిస్కుల నుంచి ఎస్‌ఎస్‌డీలకు మారడం కొన్నేళ్లుగా జోరుగా సాగుతోంది. సులువైన దారి డిస్కును డిస్కుగా కాపీ చేయడం, మన దుకాణాల భాషలో క్లోన్ కొట్టడం. డీడీ కమాండ్‌తో అలా చేస్తే ప్రతి బైటూ, క్లోన్‌జిల్లాతో చేస్తే మామూలుగా వాడుకలో ఉన్న బ్లాకులన్నీ కాపీ అవుతాయి కనుక, యూయూఐడీ కూడా కాపీ అవుతుంది. పాత డిస్కు తీసేస్తే ఏ గొడవా లేదు, అన్నీ మునుపటిలాగే నడుస్తాయి. నిజానికి ఇది యూయూఐడీ పద్ధతికి ఒక వరం. కానీ బ్యాకప్‌కు పనికొస్తుందిలే అని పాత డిస్కును అదే డబ్బాలో ఉంచేస్తే, ఒకే గుర్తింపు సంఖ్యతో రెండు పార్టిషన్లు తయారవుతాయి. గ్రబ్ తనకు ముందు దొరికినదానిని తీసుకుంటుంది. రెండోది ఉందా అని చూడదు, ఉన్నా చెప్పదు. గ్రబ్ ఒక డిస్కు నుంచి కెర్నెల్‌ను తెస్తే, ఆ కెర్నెల్ లేచాక అదే యూయూఐడీతో మరో డిస్కును రూట్‌గా మౌంట్ చేయవచ్చు, అంటే తన మూల ఫోల్డర్‌గా తెరుచుకోవచ్చు. ఇవాళ ఇది, రేపు అది కూడా కావచ్చు.

ఒక ల్యాబ్ నుంచి వచ్చిన ఫిర్యాదు మాటలు ఇవి: "ఏంది సార్, నిన్న కొట్టిన రిపోర్టులు ఇయ్యాళ కనపడటంలా, రేపు మళ్లా వస్తాయా?" అడిగిన మనిషి వెటకారంగా అడిగినా, ప్రశ్న అక్షరాలా సరైనది. రిపోర్టులు ఎక్కడికీ పోలేదు, రెండో డిస్కు మీద ఉన్నాయి. యంత్రం మరోసారి అటువైపు లేచినప్పుడు అవి నిజంగానే తిరిగి వస్తాయి. అప్‌డేట్ చేసిన కెర్నెల్ మళ్లీ పాతదిగా కనిపించడం కూడా ఇదే రోగానికి మరో లక్షణం. పాత వరుస సంఖ్యల పద్ధతిలో ఈ గందరగోళం ఈ రూపంలో వచ్చేది కాదన్నది ఒప్పుకోవలసిన మాట.

మందు ఉంది. ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, పాత డిస్కులోని ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌ను మౌంట్ చేయకుండా, ముందు ఎఫ్‌ఎస్‌సీకే తనిఖీ జరిపించి, ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండ్‌కు పెద్ద యూ అక్షరం ఆప్షన్, ర్యాండమ్ అనే మాట ఇస్తే కొత్త గుర్తింపు సంఖ్య పుడుతుంది. మరో రకం ఫైల్ సిస్టమ్ అయిన ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్ అడ్మిన్, మెమరీ చాలనప్పుడు వాడే స్వాప్ పార్టిషన్‌కు స్వాప్‌లేబుల్ ఇదే పని చేస్తాయి. ఎంబీఆర్ స్థానంలో వచ్చిన జీపీటీ పట్టికలో డిస్కుకూ పార్టిషన్లకూ వేరుగా గుర్తింపు సంఖ్యలు ఉంటాయి కనుక, ఎస్‌జీడిస్క్‌తో వాటిని కూడా మార్చడం మంచిది. నకలు విషయంలో ఫైల్ సిస్టమ్‌లు ప్రవర్తించే తీరు కూడా గమనించదగినది. ఒక ఎక్స్‌ఎఫ్‌ఎస్ మౌంట్ అయి ఉండగా అదే యూయూఐడీతో ఇంకొకటి వస్తే కెర్నెల్ ఒప్పుకోదు, ముక్కుసూటిగా తిరస్కరిస్తుంది. ఈఎక్స్‌టీ4 కిక్కురుమనకుండా రెండింటినీ అనుమతిస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే ఒకే సంఖ్య ఉన్న డిస్కులను ఒకే ఫైల్ సిస్టమ్‌లోని భాగాలుగా భావించే స్వభావం కలది కనుక, నకలును పక్కన పెట్టి మౌంట్ చేయడం దత్తాంశానికే ముప్పు. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఒకే ఇమేజ్‌ను యంత్రాలన్నిటిలోకి పోస్తారు. వాటన్నిటికీ ఒకే యూయూఐడీలు ఉంటాయి. ఎవరి డబ్బాలో వారున్నంత కాలం నష్టం లేదు. ఒక యంత్రం చెడి, అందులోని డిస్కును ఫైళ్ల కోసం పక్క యంత్రంలో తగిలించిన రోజున ఇదే గొడవ మొదలవుతుంది.

క్లోన్ కొట్టకుండా, కొత్త ఎస్‌ఎస్‌డీని శుభ్రంగా ఫార్మాట్ చేసి ఫైళ్లను మాత్రమే కాపీ చేసుకునే పద్ధతి నాకు ఎక్కువ ఇష్టం. కానీ అప్పుడు మూడో లోపం ఎదురవుతుంది. కొత్త ఫార్మాట్‌కు కొత్త యూయూఐడీ వస్తుంది, పాతది ఎన్ని చోట్ల రాసి ఉందో అన్ని చోట్లా మార్చాలి. ఈఎఫ్‌ఐ యంత్రంలో ఉబుంటు, డెబియన్‌లు ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఒక బుల్లి గ్రబ్ ఫైలు పెడతాయి. అందులో అసలు మెనూ ఫైలు ఏ యూయూఐడీ పార్టిషన్‌లో ఉందో రాసి ఉంటుంది. తరువాత ఆ అసలు మెనూలోని సెర్చ్ వాక్యం. ఆ పైన కెర్నెల్‌కు అందించే రూట్ అనే మాట. ఆ తరువాత ఎఫ్‌స్టాబ్. హైబర్నేషన్ కోసం స్వాప్ పార్టిషన్‌ను గుర్తుపెట్టుకున్న రెజ్యూమ్ ఫైలు ఇంకొకటి. అప్‌డేట్ గ్రబ్ అనే కమాండ్ నడిపితే మెనూ ఫైలు ఒక్కటే మారుతుంది. ఈఎఫ్‌ఐలోని బుల్లి ఫైలు మారాలంటే గ్రబ్ ఇన్‌స్టాల్ మళ్లీ నడపాలి. ఎఫ్‌స్టాబ్‌ను చేత్తో దిద్దాలి. రెజ్యూమ్ ఫైలు దిద్ది, కెర్నెల్‌తో పాటు మెమరీలోకి ఎక్కే చిన్న ప్రారంభ వ్యవస్థ అయిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారు చేయాలి. వీటన్నిటినీ ఒకేసారి సరిచూసి, ఫలానా చోట పాత సంఖ్య మిగిలిపోయింది అని చెప్పే పనిముట్టు ఏదీ గ్రబ్‌తో రాదు. స్వాప్‌ను మళ్లీ ఫార్మాట్ చేసి ఎఫ్‌స్టాబ్‌ను మరచిన యంత్రం చెడిపోదు, కానీ ఆన్ చేసిన ప్రతిసారీ లేని స్వాప్ కోసం నిమిషంన్నర పాటు మొండిగా ఎదురుచూస్తుంది. నిదానంగా లేస్తున్నదంటే డిస్కు పాతబడిందని కొత్తది కొనిపించిన సందర్భాలు మన పట్టణాల్లో లేకపోలేదు.

ఇక్కడ ఒక సంగతి విడిగా చెప్పాలి. మెనూలో కనిపించే రెండు రూట్‌లు ఒకటి కావు. సెర్చ్ కమాండ్ పెట్టుకునే రూట్ గ్రబ్ సొంతానిది, కెర్నెల్ ఫైలు ఎక్కడుందో తెలుసుకోవడానికి. కెర్నెల్ వాక్యంలోని రూట్‌ను గ్రబ్ అర్థం చేసుకోదు, ఉత్తరంలా అందిస్తుంది, అంతే. ఆ ఫైల్ సిస్టమ్ యూయూఐడీని చదివి పార్టిషన్‌ను వెతికేది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. అది లేకుండా నేరుగా లేచే కెర్నెల్‌కు ఫైల్ సిస్టమ్ యూయూఐడీ తెలియదు. పార్టిషన్ పట్టికలో ఉండే పార్ట్‌యూయూఐడీ మాత్రం తెలుసు. జీపీటీ డిస్కులో ప్రతి పార్టిషన్‌కు పూర్తి 128 బిట్ల పార్ట్‌యూయూఐడీ ఉంటుంది. ఎంబీఆర్ డిస్కులో డిస్కు సంతకంగా ఉన్న 32 బిట్ల సంఖ్యకు పార్టిషన్ అంకెను తగిలించి దానితో సరిపెడతారు. అందువల్ల ఎంబీఆర్‌లో పార్ట్‌యూయూఐడీ వాడటమంటే మళ్లీ సగం వరుస సంఖ్యను నమ్మడమే. ఫార్మాట్ చేసినా పార్ట్‌యూయూఐడీ మారదన్నది దాని బలం, పార్టిషన్‌లో ఏముందో దానికి పట్టదన్నది దాని బలహీనత.

లేబుల్‌తో గుర్తించే మార్గం కూడా ఉంది. ఈఎక్స్‌టీ4కు 16 అక్షరాల దాకా పేరు పెట్టుకోవచ్చు, ఫోన్‌లో చెప్పడానికి ఎంతో హాయి. కానీ పేర్లు మనుషులు పెట్టేవి, మనుషులందరూ ఒకే పేరు పెడతారు. ఒకప్పుడు రెడ్ హ్యాట్ ఇన్‌స్టాలర్ రూట్ పార్టిషన్‌కు ఏటవాలు గీతనే లేబుల్‌గా పెట్టేది. అలాంటి రెండు డిస్కులను ఒకే యంత్రంలో పెడితే ఏది అసలుదో తేలేది కాదు. నా మటుకు నేను, బ్యాకప్ కోసం తగిలించే బయటి డిస్కులకు లేబుల్, యంత్రం లేవడానికి కావలసిన పార్టిషన్లకు యూయూఐడీ అన్న విభజన పాటిస్తాను.

ప్రత్యామ్నాయాల మాటకొస్తే, సిస్టమ్‌డీ బూట్ అనే మరో బూట్ లోడర్ గ్రబ్‌లా డిస్కులన్నీ వెతకదు. కెర్నెల్ ఫైళ్లను ఈఎఫ్‌ఐ పార్టిషన్ నుంచో, అదే డిస్కులోని ప్రత్యేక బూట్ పార్టిషన్ నుంచో తీసుకుంటుంది కనుక దానికి ఆ అవసరం రాదు. విండోస్ లేని, ఒకే ఎన్‌వీఎంఈ డిస్కు ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌కు అది చాలు, పైగా తేలిక. బయోస్ యంత్రాలకు మాత్రం అది పనికిరాదు. మన ప్రాంతపు దుకాణాల్లో పాత బయోస్ డబ్బాలు ఇంకా దండిగా ఉన్నాయి. వాటికి గ్రబ్‌ను మించిన దిక్కు లేదు. ఒకప్పటి లిలో అనే బూట్ లోడర్ అభివృద్ధి 2015తోనే ఆగిపోయింది.

గ్రబ్ సెట్టింగుల ఫైలులో లినక్స్ యూయూఐడీని నిలిపివేసే వరుస ఒకటి ఉంటుంది. దాన్ని ట్రూ చేస్తే మెనూ చూడటానికి పొందికగా ఉంటుందని సలహా ఇచ్చేవారు ఉన్నారు. అలా చేస్తే కెర్నెల్ వాక్యంలో మళ్లీ ఎస్‌డీఏ2 వంటి పేరు వచ్చి కూర్చుంటుంది; చీమకుర్తిలో రేపు కేబుళ్లు తీసి తుడిచే కుర్రవాడికి ఆ సంగతి తెలియదు. ఒకే డిస్కు ఉన్న యంత్రంలో కూడా దానిని ముట్టుకోవద్దనే నా సలహా, ఎందుకంటే ఒకే డిస్కు ఉన్న యంత్రానికి ఇంకో డిస్కు చేరడానికి ఎంతో కాలం పట్టదు. మెనూ ఫైలు మొదట్లోనే దీన్ని దిద్దవద్దు అని పెద్ద అక్షరాల్లో హెచ్చరిక ఉంటుంది. దాన్ని కాదని చేత్తో మార్చినా, తరువాతి కెర్నెల్ అప్‌డేట్ ఆ మార్పులన్నిటినీ తుడిచేస్తుంది.

ఉచితంగా దొరికే ఈ సాఫ్ట్‌వేర్‌కు, ఈ ఒక్క గుణం మేరకు, ఐదింటికి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ నకళ్ల విషయంలో అది పాటించే మౌనానికీ, రెస్క్యూ తెర పిసినారితనానికీ. కొనేది ఏమీ లేదు కనుక, వాడేవారు చేసుకోవలసిన ఏర్పాటు ఒకటే చెబుతాను. యంత్రం బాగా నడుస్తున్న రోజునే ఎల్‌ఎస్‌బీఎల్‌కేకు చిన్న ఎఫ్ అక్షరం ఆప్షన్ ఇచ్చి వచ్చిన పట్టికను ప్రింట్ తీసి, డబ్బా లోపలి గోడకు టేపుతో అంటించండి. దాని పక్కన ఏ డిస్కు ఏ తేదీన క్లోన్ అయిందో పెన్నుతో రాయండి. డిస్కు మార్చిన ప్రతిసారీ ఆ కాగితాన్ని కూడా మార్చాలి, లేకపోతే అది మరింత గందరగోళపరుస్తుంది.